లెఫ్ట్ కార్నర్‌లో మా అమ్మాయి

మా పెద్దమ్మాయి కబడ్డీ ఆడిన రోజుల గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టి ఇంటర్ అయ్యేదాకా ఆడింది. జాతీయ స్థాయికి వెళ్ళలేదు, పేపర్లో ఫోటో పడింది కూడా జిల్లా ఎడిషన్లో ఒక మూలన, జట్టు మొత్తం కలిపి. అయినా ఆ ఏళ్ళంత నిండుగా నేను బతికిన కాలం ఇంకొకటి లేదనిపిస్తుంది. ఆడినవాళ్ళు తమ ఆట గురించి చెప్పుకుంటారు, కోచ్‌లు చెబుతారు. గీత బయట నిలబడి చూసిన అమ్మలు చెప్పింది మాత్రం నేనెక్కడా చదవలేదు, అందుకే గుర్తున్నంత రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నేను ఇంట్లో మిషన్ కుడతాను. జాకెట్లు, పిల్లల గౌన్లు, జూన్ వస్తే స్కూలు యూనిఫారాలు. మావారు రైస్ మిల్లులో గుమస్తా. చెడుగుడు మాకు కొత్త ఆటేమీ కాదు, సంక్రాంతికి మా వైపు ఊళ్ళలో లైట్లు కట్టి రాత్రంతా పోటీలు పెడతారు, చిన్నప్పుడు మా నాన్న భుజం మీద కూర్చుని చూసినదాన్నే నేను కూడా. కానీ అవన్నీ మగవాళ్ళ పోటీలు. ఆడపిల్లలు బరిలో దిగడం మా ఊళ్ళో నేను చూడలేదు.

2014 జూలైలో టీవీలో ప్రో కబడ్డీ మొదలైంది. అప్పటిదాకా మట్టిలో, కట్‌బనియన్లతో ఆడిన ఆట ఒక్కసారిగా రంగురంగుల మ్యాట్ మీద, బూట్లతో, పక్కన 30 సెకన్ల గడియారంతో కనిపించేసరికి మా పిల్లలిద్దరూ టీవీ ముందు నుంచి లేచేవాళ్ళు కాదు. తెలుగు టైటాన్స్ మ్యాచ్‌లు ఆ ఏడాది విశాఖలో జరుగుతుంటే మావాడు రాహుల్ చౌదరి పేరు అరుస్తూ ఇంట్లో మంచాల మధ్య కూతకెళ్ళేవాడు, వాణ్ణి పట్టడం వాళ్ళక్క పని. అదే ఏడాది హైస్కూలుకి కొత్త పీఈటీ మేడమ్ వచ్చారు. ఆవిడ స్వయంగా కబడ్డీ ఆడిన మనిషి. ఆడపిల్లల జట్టు కడతాను, ఎవరొస్తారు అని అడిగితే మా అమ్మాయి చెయ్యెత్తింది. ఇంటికొచ్చి మమ్మల్ని అడగలేదు, చెప్పింది.

మా అత్తయ్య ఒప్పుకోలేదు. "కాలో చెయ్యో విరిగితే రేపు దాన్ని ఎవడు చేసుకుంటాడే" అని ఆవిడ బాధ. పక్కింటివాళ్ళకి నిక్కర్ల గురించి బాధ. మావారు అందరి మాటా విని, "రెండు నెలలు వెళ్ళనీ, చూద్దాం" అన్నారు. నాకు మాత్రం మొదటినుంచీ వెళ్ళాలనే ఉంది, దానికి కారణం నా వృత్తిలోనే ఉంది. పన్నెండు పదమూడేళ్ళ ఆడపిల్లలు కొలతలకొచ్చినప్పుడు ఎలా నిలబడతారో నేను రోజూ చూస్తాను. భుజాలు ముందుకి ముడుచుకుని, మెడ వంచి, టేపు ఒంటికి తగలకుండా గాలి పీల్చి నిలబడతారు. "నిటారుగా నిలబడమ్మా, కొలత తప్పు వస్తుంది" అని ప్రతి పిల్లకీ చెప్పాలి. మా అమ్మాయి కూడా ఆ ఏడాదే అలా ముడుచుకోవడం మొదలుపెట్టింది. మాట్లాడటం తగ్గింది, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకుంటే విడిపించుకునేది, స్కూలు నుంచి రాగానే గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. ఆ వయసు పిల్లలందరూ అంతే, నాకు తెలుసు. ఒళ్ళు దాచుకోవడం నేర్చుకుంటున్న వయసులో ఒంటితోనే ఆడే ఆట దొరకడం నాకు దేవుడు పంపినట్టే అనిపించింది.

అప్పటికి స్కూల్లో కోర్టు లేదు. వెనక ఖాళీ స్థలంలో పల్లేరుకాయలు, గాజుపెంకులు. పిల్లలే ఏరారు. మావారు మిల్లు ట్రాక్టరు అడిగి చెరువుమట్టి తోలించారు, ఇంకో పిల్ల వాళ్ళ నాన్న తాపీ పనివాడు, ఆయన చదును చేసిపెట్టాడు. గీతలు గీయడానికి కొలత కావాలి. ఆడవాళ్ళ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు అని మేడమ్ చెబితే, పిల్లలంతా మా ఇంటికొచ్చి నా టేపు అడిగారు. నా టేపు అరవై అంగుళాలే, గౌన్లు కొలిచే టేపు. అందుకని పాత నవారు తీసి దాని మీద మీటరుకో ముడి వేసి ఇచ్చాను. ఆ నవారుతోనే మధ్య గీత, కూతకెళ్ళినవాళ్ళు దాటి తీరాల్సిన బాక్ లైను, దాని తర్వాత మీటరు దూరంలో బోనస్ గీత, రెండు పక్కలా లాబీలనే పట్టీలు అన్నీ సున్నంతో గీసుకున్నారు. వాన పడిన ప్రతిసారీ మళ్ళీ గీయడమే. ఆ ముడుల నవారు స్కూలు స్టోర్‌రూములో చాలాకాలం ఉంది.

ప్రాక్టీసు పొద్దున ఐదింటికి. చలికాలంలో ఆ చీకట్లో ఆడపిల్లని ఒక్కదాన్నే ఎలా పంపుతాం, అందుకని నేనో మావారో వెంట వెళ్ళేవాళ్ళం. ఎక్కువగా నేనే. అలా మొదలైంది నా చూడటం. ముందు చెరువు కట్ట మీద పరుగు, తర్వాత కప్పగంతులు, బస్కీలు, ఒకళ్ళని ఒకళ్ళు వీపు మీద మోసుకుని కోర్టు చివరిదాకా నడవడం, ఆ తర్వాతే ఆట. మొదటి వారాల్లో ఇంటికొచ్చి మెట్లెక్కలేక గోడ పట్టుకునేది. అన్నం తింటూ నిద్రపోయేది. మానేస్తుందేమో అనుకున్నాను, మానలేదు. రాగిజావ, నానబెట్టిన వేరుశెనగలు, ఉడకబెట్టిన గుడ్లు... అంతకుముందు ఒక్క గుడ్డు తినడానికి వంద వంకలు పెట్టిన పిల్ల, "ఇంకోటి లేదా" అని అడిగేది.

మొదట్లో నాకు ఆట సరిగ్గా అర్థమయ్యేది కాదు. కూతకొచ్చిన పిల్లనే చూసేదాన్ని, ఎవరి కళ్ళైనా అటే పోతాయి. మావాళ్ళు ఎవరెక్కడున్నారో చూసేలోపే కూత అయిపోయేది. మేడమ్ ఒకరోజు నా పక్కన నిలబడి, "రైడర్‌ని చూడకండి, మీ అమ్మాయి పాదాలు చూడండి" అన్నారు. మా అమ్మాయిని ఆవిడ లెఫ్ట్ కార్నర్‌లో పెట్టారు. పొట్టిగా ఉంటుంది, వంగుతుంది, చేతి పట్టు గట్టిది, అందుకని. కార్నర్‌లో ఉన్న పిల్లకి ముందు కావలసింది ఓపిక. రైడర్ బోనస్ గీత దాటడానికి కాలు చాస్తుంది, ఆ కాలు నేలకి దిగుతుండగా చీలమండ దొరకబుచ్చుకోవాలి. తొందరపడి ముందే వంగితే చెయ్యి తాకించి పోతుంది, ఆలస్యమైతే బోనస్ తీసుకుని పోతుంది. దొరికాక వదలకూడదు, అవతలి పిల్ల తన్నుకుంటున్నా, ఈడ్చుకుపోతున్నా, మిగతావాళ్ళు వచ్చి మీద పడేదాకా రెండు చేతులతో పొదివి పట్టుకుని ఉండాల్సిందే. పట్టు ఒకళ్ళది, పాయింటు ఏడుగురిది.

ఇంకొకటి, చైన్. కార్నర్ పిల్ల, దాని పక్కన 'ఇన్' అని నిలబడే పిల్ల, ఇద్దరూ చేతులు పట్టుకుని కదులుతారు. రైడర్ ఎటు జరిగితే అటు, ఒక అడుగు ముందుకి, రెండడుగులు వెనక్కి, చెయ్యి మాత్రం వదలరు. మాటలతో చెప్పుకునే టైముండదు, చెయ్యి నొక్కితే ఒక అర్థం, లాగితే ఇంకో అర్థం. నా చెయ్యి విడిపించుకునే పిల్ల అక్కడ ఇంకో పిల్ల చెయ్యి అంతసేపు పట్టుకుని నిలబడటం నేను రోజూ చూసేదాన్ని. నాకు అసూయ కలగలేదు, ప్రాణం కుదుటపడింది. ఇంట్లో గదిలో తలుపేసుకున్నా, దానికి ఊళ్ళో ఒక చెయ్యి ఉంది. ఆ 'ఇన్' పిల్ల వాళ్ళమ్మ కూలికెళ్ళేది, నాన్న లేడు. ప్రాక్టీసు అయ్యాక మా ఇంటికే వచ్చి టిఫిన్ చేసి ఇద్దరూ కలిసి స్కూలుకెళ్ళేవాళ్ళు. దానిది మా అమ్మాయి కంటే ఇంకా తక్కువ మాట్లాడే తత్వం. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అరగంటసేపు ఒక్క మాట లేకుండా ఇడ్లీలు తినేవాళ్ళు, వాళ్ళకి సరిపోయేది.

జట్టులో అందరి పేర్లూ నాకు తెలిసినా, మనసులో వాళ్ళు నాకు స్థానాలే. రైట్ కార్నర్ అంటే నవ్వుల పిల్ల, రైట్ కవర్ అంటే భయం తెలియని పిల్ల, మెయిన్ రైడర్ అంటే పొడుగు జడది. మ్యాచ్ రోజు రెఫరీలు గోళ్ళు చూసేవాళ్ళు, ఒంటి మీద నగ ఉండకూడదు, నూనె రాసుకోకూడదు. అందరి చెవిరింగులూ, ముక్కుపుడకలూ, తాయెత్తులూ తీసి నాకిచ్చేవాళ్ళు. ఏవి ఎవరివో కలిసిపోకుండా చీర కొంగున విడివిడిగా ముడులు వేసుకునేదాన్ని. పేద పిల్లల చెవి కమ్మలు అవి, వాళ్ళ అమ్మలకి ఇంట్లో ఉన్న బంగారం అంతే. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ ఒక చేత్తో కొంగు పట్టుకునే ఉండేదాన్ని. బ్యానర్లు కట్టి చప్పట్లు కొట్టే పెద్ద పోటీల్లో తల్లిదండ్రులు ఏం చేస్తారో కానీ మా పిల్లల పోటీల్లో నా పని అదే, మంచినీళ్ళ బిందె, కమ్మల కొంగు, ఇంట్లో కత్తిరించి తెచ్చిన గుడ్డ కట్లు.

దెబ్బల గురించి రాయకపోతే అబద్ధమవుతుంది. మట్టి కోర్టులో మోచేతులు, మోకాళ్ళు గీరుకుపోయేవి. స్నానం చేయించేటప్పుడు నీళ్ళు తగిలితే పళ్ళు బిగపట్టేది. వేళ్ళు వాచేవి. బయట చేరిన రోజుల్లో ఏం చేయాలి అనే మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, నేనే ముదురు నీలం నిక్కరు లోపల ఇంకో పొర వేసి కుట్టి ఇచ్చాను. మిగతా పిల్లలు చూసి అడిగితే వాళ్ళకీ కుట్టాను. నిక్కర్ల గురించి మాట్లాడిన పక్కింటావిడ కూతురు రెండో ఏడాది జట్టులో చేరింది, ఆ పిల్లకీ కుట్టాను.

బరువు సంగతి మాత్రం నాకు చాలా కష్టమనిపించేది. సబ్ జూనియర్స్‌లో ఆడాలంటే 16 ఏళ్ళ లోపు ఉండాలి, 55 కిలోలు దాటకూడదు. మా అమ్మాయి లావు కాదు, కండ పట్టింది, పదో తరగతికొచ్చేసరికి ముల్లు సరిగ్గా ఆ గీత దగ్గర ఊగుతుండేది. పోటీలకి ముందు వారం రాత్రి అన్నం వద్దనేది. నీళ్ళు మానడానికి మాత్రం మేడమ్ ఎవరినీ ఒప్పుకునేవారు కాదు. పుట్టినప్పటి నుంచీ ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అని తినిపించిన చేతులతో సగం కంచం వెనక్కి తీయాలంటే మనసొప్పదు. తూకం రోజు తెల్లవారుజామున స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని పరుగెత్తేది, నేను పెరుగన్నం డబ్బా, అరటిపళ్ళు పట్టుకుని తూకం గది బయట కూర్చునేదాన్ని. లోపలి నుంచి బొటనవేలు పైకెత్తి వచ్చేది. ఆ డబ్బా ఖాళీ అయ్యేదాకా చూస్తుంటే నాకు కడుపు నిండేది.

ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది, చూడటానికి కష్టమైనది కూడా, అవుటైన పిల్లలు కూర్చునే చోటు. సిట్టింగ్ బ్లాక్ అంటారు. కోర్టు చివర గీత వెనక చిన్న డబ్బా గీసి ఉంటుంది. అవుటైతే వెళ్ళి వరసలో అక్కడ కూర్చోవాలి. మనం ఎంత బాగా ఆడేవాళ్ళమైనా ఇక మన చేతిలో ఏమీ లేదు. లోపల ఉన్నవాళ్ళెవరో పాయింటు తేవాలి, అప్పుడు ముందు అవుటైన పిల్ల ముందు లేచి లోపలికొస్తుంది. ఎవరూ తేలేకపోతే అందరూ ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు, లోనా అయిపోతుంది, అవతలివాళ్ళకి ఇంకో రెండు పాయింట్లు. ఇంట్లో చిన్న మాటకే ముఖం ముడుచుకునే పిల్ల అక్కడ కూర్చుని, తను అవుటైన బాధ పక్కన పెట్టి, గొంతు పోయేలా "లైన్ దాటనివ్వకు, కవర్ చూడు" అని అరిచేది. అరిచీ అరిచీ తన వంతు రాగానే లేచి పరుగెత్తేటప్పుడు ఆ ముఖం చూడాలి. కాసేపయ్యాక నేను కోర్టుని వదిలేసి ఆ డబ్బానే చూసేదాన్ని. ఎవరు తల దించుకున్నారు, ఎవరు పక్కపిల్ల వీపు మీద చెయ్యి వేశారు, ఎవరు మోకాలు నొక్కుకుంటున్నారు. మేడమ్‌కి చెప్పేదాన్ని, "ఆ పొడుగు జడ పిల్లకి కాలు నొప్పిగా ఉందండీ, చెప్పట్లేదు" అని. ఆవిడ నా మాట విని దాన్ని మార్చేవారు కూడా.

2016లో ప్రో కబడ్డీతో పాటు మహిళల కబడ్డీ ఛాలెంజ్ పెట్టారు, మూడు జట్లతో. తేజస్విని బాయి, మమతా పూజారి, అభిలాషా మ్హాత్రే లాంటివాళ్ళు ఆడారు. మొదటిసారి మా పిల్లలు తమలాంటివాళ్ళని టీవీలో చూశారు. జట్టు మొత్తం మా ఇంట్లోనే, నేలంతా పిల్లలు, మిషన్ కింద కూడా ఇద్దరు. 2012లో పాట్నాలో ప్రపంచ కప్ గెలిచిన జట్టు కెప్టెన్ మమత అని, ఆవిడ దక్షిణ మధ్య రైల్వేలో పనిచేస్తారని మేడమ్ చెబితే, అప్పటిదాకా పేపరు చదువుకుంటున్న మావారు తలెత్తి "మన సికింద్రాబాద్ రైల్వేనా" అన్నారు. ఆ తర్వాత ఆయన కూడా మ్యాచ్‌లకి సెలవు పెట్టి రావడం మొదలుపెట్టారు. మా అత్తయ్య కూడా ఆ రోజు టీవీ ముందు కూర్చుని, "ఇంతింత లావు పిల్లల్ని ఎత్తి పడేస్తున్నారే" అని, కాసేపటికి "ఆ పచ్చ చొక్కా పిల్ల గట్టిది" అని పక్షం కూడా పట్టింది.

మొదటిసారి మ్యాట్ మీద ఆడింది జిల్లా పోటీల్లో. మట్టికి అలవాటుపడిన పాదాలు అక్కడ పనిచేయవు, బూట్లు కావాలి. అందరికీ కొనే స్తోమత లేదు, గుంటూరు వెళ్ళి ఏడు జతలు తెచ్చాం, ఊళ్ళో కొంతమంది పెద్దలు చందా ఇచ్చారు. ఎవరినైనా మార్చినప్పుడు బయటికొచ్చే పిల్ల గబగబా బూట్లు విప్పి లోపలికెళ్ళే పిల్లకి ఇచ్చేది. సైజు చాలకపోతే నా దగ్గరున్న గుడ్డముక్కలు ముందు కుక్కేవాళ్ళం. మ్యాట్ మీద పడితే మట్టిలోలా గీరుకోదు, కాలినట్టు చర్మం లేచిపోతుంది. ఆ మంట వేరు. అయినా మ్యాట్ మీద ఆడామని పిల్లలకి ఎంత గర్వమో, తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ మచ్చలు ఒకళ్ళకొకళ్ళు చూపించుకున్నారు.

నాకు బాగా గుర్తున్న మ్యాచ్ మావాళ్ళు ఓడిపోయిన మ్యాచ్. పదో తరగతి ఏడాది, అంతర్ జిల్లా పోటీలు, క్వార్టర్ ఫైనల్. అవతలి జట్టు పిల్లలు మావాళ్ళ కంటే జానెడు పొడుగు. రెండో సగంలో మా అమ్మాయి టో టచ్‌కి, అంటే రైడర్ కాలివేలు తగిలి, అవుటై వెళ్ళి కూర్చుంది, తర్వాత రైట్ కార్నర్, తర్వాత ఇంకో ముగ్గురు. లోపల ఇద్దరే మిగిలారు. రెండు కూతలు ఖాళీగా పోయాయి, మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే వెళ్ళిన పిల్లే అవుట్. మెయిన్ రైడర్ బయట ఉంది. వెళ్ళాల్సింది ఎవరంటే మా ఇంట్లో మాట్లాడకుండా ఇడ్లీలు తినే ఆ 'ఇన్' పిల్ల. అది కూతకెళ్ళడమే తక్కువ. కబడ్డీ కబడ్డీ అనే దాని గొంతు మామూలుగా పక్కనున్నవాళ్ళకే వినిపించదు, ఆ రోజు నేను నిలబడ్డ చోటుకి వినిపించింది. మధ్యలోకి వెళ్ళి, ఎడమవైపు వంగినట్టు వంగి, కవర్ పిల్ల ముందుకు రాగానే చెయ్యి తాకించి, వెనక నుంచి జెర్సీ పట్టుకుని లాగుతున్నా గీత మీదకి పడింది. చేతివేళ్ళు గీత దాటాయి. రెఫరీ చెయ్యి మావైపు లేచింది. ముందు అవుటైంది మా అమ్మాయి కాబట్టి అదే లేచింది. లోపలికి పరుగెత్తి వెళ్ళి దాన్ని కౌగిలించుకోలేదు, ఏమీ అనలేదు, నేరుగా తన మూలకి వెళ్ళి చెయ్యి చాపింది. అది వచ్చి పట్టుకుంది. వెంటనే అవతలి పిల్ల కూతకొచ్చింది, ముగ్గురి కంటే ఎక్కువమంది లేరు కాబట్టి పడితే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. పట్టారు. మ్యాచ్ చివరికి రెండు పాయింట్ల తేడాతో పోయింది, కానీ ఆ ఒక్క నిమిషం నేను ఎన్నిసార్లు తలుచుకున్నా కొత్తగానే ఉంటుంది. నేను మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయి నవ్వుకుంటుంటే గుడ్డలివ్వడానికి వచ్చినవాళ్ళు ఏమైందమ్మా అంటారు.

ఇంటర్ మొదటి ఏడాదిలో మోకాలు తిరిగింది. రైడర్‌ని ఒంటితో గీత బయటికి నెట్టే డాష్ చేయబోయి సరిగ్గా పడలేదు. ఆ అరుపు వేరేగా ఉంటుంది, తల్లికి తెలిసిపోతుంది. గీత దాటి లోపలికి వెళ్ళడానికి లేదు. నా బిడ్డ నాకు పదడుగుల దూరంలో నేల మీద ఉంది, దాని చుట్టూ పిల్లలు మోకాళ్ళ మీద కూర్చున్నారు, నేను సున్నం గీత దగ్గర నిలబడి ఉన్నాను. రైట్ కార్నర్ పిల్ల దాని తలని తన ఒళ్ళో పెట్టుకుంది, 'ఇన్' పిల్ల చెయ్యి పట్టుకుంది. నేనుంటే ఏం చేసేదాన్నో వాళ్ళు అదే చేస్తున్నారు. లిగమెంట్ పూర్తిగా తెగలేదు, సాగింది అన్నారు డాక్టరు, విశ్రాంతి, తర్వాత వ్యాయామాలు. నెలల తరబడి ఆడలేదు, కానీ గ్రౌండుకి వెళ్ళడం మానలేదు. గట్టు మీద నా పక్కనే కూర్చునేది. అప్పుడు మేమిద్దరం మాట్లాడుకున్నంత అంతకు ముందెప్పుడూ మాట్లాడుకోలేదు. అన్నీ కబడ్డీ మాటలే. ఎవరి అడుగు తప్పింది, ఎవరు తొందరపడుతున్నారు. తొమ్మిదో తరగతిలో కొత్తగా వచ్చిన పిల్లని చూపించి "అమ్మా, దాని పాదాలు చూడు, అది కార్నర్ పిల్ల" అంది. నేనూ అప్పటికే ఆ పిల్ల పాదాలే చూస్తున్నాను.

2018 ఆగస్టులో జకార్తాలో ఆసియా క్రీడలు. 1990లో కబడ్డీ పెట్టినప్పటి నుంచీ మన మగవాళ్ళ జట్టుదే బంగారం, ఆడవాళ్ళకి 2010లో, 2014లో కూడా మనదే. ఆ ఏడాది సెమీస్‌లో మగవాళ్ళు ఇరాన్ చేతిలో ఓడిపోయారు, మర్నాడు ఫైనల్లో ఆడవాళ్ళు కూడా ఇరాన్ చేతిలోనే, 27-24. ఇరాన్ అమ్మాయిల కోచ్ మన నాసిక్ ఆవిడ, శైలజా జైన్. మా ఇంట్లో పెద్దవాళ్ళకి కోపం వచ్చింది, మన ఆటని వాళ్ళకి నేర్పిందని. మా అమ్మాయి మాత్రం కళ్ళు తుడుచుకుంటూనే, "ఆవిడ నేర్పింది వాళ్ళు నేర్చుకున్నారు నానమ్మా, ఎంత కష్టపడ్డారో చూడు" అంది. తలకి గుడ్డ కట్టుకుని, ఒళ్ళంతా కప్పుకుని ఆడి గెలిచి ఏడుస్తున్న ఆ ఇరాన్ పిల్లల్ని చూసి నాకూ కన్నీళ్ళొచ్చాయి. వాళ్ళ అమ్మలు ఎక్కడ కూర్చుని చూస్తున్నారో అనుకున్నాను.

ఇంటర్ తర్వాత చదువు కోసం హైదరాబాద్ వెళ్ళింది, ఆట ఆగింది. పెద్ద నిర్ణయమేమీ తీసుకోలేదు, అలా జరిగిపోయింది. ఇప్పుడు అక్కడే ఒక కంపెనీలో ఉద్యోగం. నా కొలతల పుస్తకంలో దాని పేజీ ఉంది, ప్రతి పండక్కీ రాసినది. భుజం, ఛాతీ, చేతి లూజు ఒక్కో ఏడాది ఎలా పెరిగాయో వరసగా కనిపిస్తాయి. మిగతా పిల్లల జాకెట్లకి భుజం దగ్గర నేను వేసే సవరింపు దానికెప్పుడూ వేయాల్సిన పని పడలేదు, నిటారుగా నిలబడుతుంది కాబట్టి.

చూసే అలవాటు మాత్రం నాకు పోలేదు. 2021 మార్చిలో సూర్యాపేటలో జూనియర్ జాతీయ పోటీలప్పుడు గ్యాలరీ కూలిపోయిందని టీవీలో చూపిస్తే రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ చెక్కల మీద కూర్చున్నవాళ్ళలో నాలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల ఫైనల్, చైనీస్ తైపీ మీద 26-25. ఆ క్రీడల్లో మన దేశానికి నూరో పతకం మా ఆడపిల్లల కబడ్డీదే. అమ్మాయి ఆఫీసు అయిదో అంతస్తు మెట్ల మీద నిలబడి వీడియో కాల్‌లో అరుస్తుంది, ఇక్కడ నేను, మా అత్తయ్య అరుస్తున్నాం. ఆ ఒక్క పాయింటు తేడా చూసి, మేడమ్‌కి కూడా ఫోన్ చేసి ముగ్గురం ఒకేసారి మాట్లాడాం, ఎవరి మాట ఎవరికీ అర్థం కాలేదు.

మొన్న సంక్రాంతికి ఊళ్ళో పాత జట్టుకీ ఇప్పటి హైస్కూలు పిల్లలకీ మ్యాచ్ పెట్టారు. అందరూ రాలేకపోయారు కానీ ఏడుగురు కుదిరారు. పొడుగు జడ పిల్ల కానిస్టేబుల్ పరీక్షకి చదువుతోంది, రైట్ కార్నర్‌కి పెళ్ళయింది, 'ఇన్' పిల్లకి పది నెలల బాబు. వాణ్ణి నా ఒళ్ళో పడేసి బరిలోకి దిగింది. కొంగున కమ్మలు కూడా ఉన్నాయి, ఈసారి మెట్టెలు కూడా. ఇప్పటి పిల్లలు వేగంగా ఉన్నారు, బూట్లు అందరికీ ఉన్నాయి, మావాళ్ళకి పది నిమిషాలకే ఆయాసం వచ్చింది. ఒక కూతలో లెఫ్ట్ చైన్ మధ్యలోంచి తొమ్మిదో తరగతి పిల్ల చేప జారినట్టు జారి వెళ్ళిపోయింది. పెద్ద తేడాతోనే ఓడిపోయారు. రాత్రి మా ఇంట్లో పులిహోర, అరిసెలు పెట్టుకుని నేల మీద గుండ్రంగా కూర్చున్నారు, ఎప్పుడూ మాట్లాడని ఆ ఇద్దరిదే గొడవంతా. చెయ్యి ముందు నువ్వు వదిలావంటే నువ్వు వదిలావని. బాబు నిద్రపోయాడు, మా అత్తయ్య పడుకుంది, పదకొండయింది, ఇంకా తేలలేదు. చివరికి ఇద్దరూ నావైపు తిరిగి "నువ్వు చూశావుగా, నువ్వు చెప్పు" అన్నారు.